బూస్టరు మార్చుటకు ముందు బ్రేకులు చూడుడు

పంటను ఎడ్లబండి మీద సంతకు తోలుకొనిపోవు రోజులు చాలవరకు గతించినవి. టమోటా పెట్టెలైనను, వడ్ల బస్తాలైనను, ఎరువు మూటలైనను నేడు పికప్ బండి మీదనే కదలుచున్నవి. పది పదిహేనేండ్ల పాతబండిని కొని నడుపుకొను రైతులు అనేకులు గలరు. ఇట్టి బండిలో పెడలు గట్టిపడినదని చెప్పగానే, "పెద్ద బూస్టరు వేయించుడు" అను సలహా షెడ్డులలో వినవచ్చుచుండును. ముందు వెనుకలు చూడక ఈ సలహాను పాటించుట తగదని మా అభిప్రాయము.

బూస్టరు అనునది పెడలుకును మాస్టర్ సిలిండరుకును నడుమ నుండు గుండ్రని రేకు డబ్బా. దానిలో రబ్బరు పొర యుండును. ఆ పొరకు ఒక ప్రక్క గాలి తీసివేయబడి యుండును. పెడలు తొక్కినప్పుడు రెండవ ప్రక్కకు బయటి గాలి ప్రవేశించి పొరను నెట్టును. చదరపు సెంటీమీటరుకు 0.7 కిలోల పీడన భేద మున్నచో, 20 సెంటీమీటర్ల వ్యాసము గల పొరపై సుమారు 220 కిలోల బలము కలుగును. 25 సెంటీమీటర్ల పొరపై సుమారు 340 కిలోలు కలుగును. కావున పెద్ద బూస్టరు వలన బలము పెరుగునన్న మాట నిజమే. కాని అది కాలికి సాయమే గాని చక్రమునకు సాయము కాదు. అరిగిన లైనర్లను, నునుపెక్కిన టైర్లను, మోయదగిన దానికి మించిన బరువును ఏ బూస్టరును సరిచేయజాలదు.

మరియొక సంగతి గలదు. డీజిలు బండ్లలో ఈ గాలిని తీయుటకు ప్రత్యేకముగా వాక్యూమ్ పంపు అమర్చుదురు. మన పికప్ బండ్లలో పెక్కింటికి అది ఆల్టర్నేటరు వెనుకనే యుండి, దానితోపాటు బెల్టు మీద తిరుగును. బెల్టు వదులైనను, పంపు అరిగినను, రబ్బరు పైపు పగిలినను పెడలు గట్టిపడును. అట్టి బండికి పెద్ద బూస్టరు వేయుట, నీరు తగ్గిన బోరుకు పెద్ద మోటారు బిగించుట వంటిది. అరిగిన పంపు పెద్ద డబ్బాలోని గాలిని తీయుటకు మరింత కాలము పట్టును; వెంటవెంటనే బ్రేకు వేయవలసి వచ్చినప్పుడు సాయము అందదు.

దీనిని ఇంటివద్దనే పరీక్షింపవచ్చును. ఇంజను ఆపి, పెడలు గట్టిపడువరకు ఐదారు సార్లు తొక్కవలెను. పిమ్మట కాలు తీయక ఇంజను స్టార్టు చేయవలెను. పెడలు కొంచెము క్రిందికి దిగినచో బూస్టరు పనిచేయుచున్నట్లు. దిగనిచో బెల్టు, పైపు, పంపు చూపించిన తరువాతనే బూస్టరును అనుమానింపవలెను. పెడలు మెత్తగా అడుగు వరకు పోవుచున్నచో ఆ దోషము సాధారణముగా బూస్టరుది కాదు; బ్రేకు ఆయిలు కారుటయో, పైపులలో గాలి చేరుటయో కారణమై యుండును.

బూస్టరే చెడినచో మార్చవలసినదే. అయితే ఆ మోడలుకు కంపెనీ నిర్ణయించినదే వేయించుట మేలు. కొలత కుదరక లోపలి కడ్డీ పొడుగైనచో బ్రేకులు పట్టుకొనియే యుండి, డ్రమ్ములు కాలిపోవును. బలము మితిమీరినచో ఖాళీబండి వెనుక చక్రములు బిగిసి జారవచ్చును.

ఘాట్లు దిగువారు ఇంకొకటి మరువరాదు. పలమనేరు నుండి చిత్తూరు వైపు దిగు మొగిలి ఘాటు వంటి చోట్ల, డీజిలు కలిసివచ్చునని ఇంజను ఆపి న్యూట్రలులో బండిని వదలుట ప్రాణాంతకము. ఇంజను ఆగినచో పంపు ఆగును. ఒకటి రెండు తొక్కుళ్లతో బూస్టరులోని సాయము అయిపోవును. తక్కువ గేరులో, ఇంజను పట్టుతోనే దిగవలెను. నడుమ దారిలో ఛార్జింగు దీపము వెలిగినచో అది బ్యాటరీ సంగతియే యని త్రోసిపుచ్చరాదు. బెల్టు తెగి యుండవచ్చును. బ్రేకునకు కూడ అది హెచ్చరికయే.

గ్రామాధికారులకు మా మనవి యొకటి. పంటల రవాణా ముమ్మరము కాకమునుపే ఒకరోజు మంచి మెకానికును గ్రామమునకు పిలిపించి, ఊరిలోని బండ్లన్నిటి బ్రేకులను ఒకేచోట పరీక్ష చేయించినచో ఖర్చు స్వల్పము, మేలు అధికము. పంట పోయినచో మరుసటి కారున తిరిగి పండించుకొనవచ్చును. పెట్టెల మీద కూర్చుండి సంతకు పోవు కూలీల ప్రాణములు పోయినచో తిరిగిరావు. మనుషులను సరుకు మీద ఎక్కించుటయే కూడదు. ఆ అలవాటు మానువరకైనను బ్రేకుల విషయమున అశ్రద్ధ పనికిరాదు. క్రొత్త బూస్టరుకు రూకలు చెల్లించుటకు ముందు ఉన్న బ్రేకులను సరిచేయించుకొనుటయే రైతు సోదరులకు లాభము, క్షేమము.