ఒక్కడికి రాస్తే పోదు

గాజువాకలో ఎవరి ఒళ్ళు దురదపెట్టినా నేరం స్టీల్‌ప్లాంట్ దుమ్ము మీదో, ఉక్కపోత మీదో, ‘ఒంట్లో వేడి’ మీదో పడుతుంది. గజ్జి అని తేలాక మాత్రం ఆ మనిషి శుభ్రత మీదికి మళ్ళుతుంది. దుమ్ము గురించి ఈ ఊరి గోడు నిజమే. కానీ గజ్జి దాని పాపం కాదు, స్నానం చేయనివాడి పాపమూ కాదు.

గజ్జి ఓ పురుగు పని. కంటికి ఆనీ ఆనని ఆ పురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. మామూలుగా ఒక రోగి ఒంటి మీద ఉండేవి పది పదిహేను. రెండుపూటలా సబ్బు పెట్టి తోమినా అవి కదలవు. ఆ పురుగు ఎక్కువగా పాకేది ఒకరి చర్మం నుంచి మరొకరి చర్మానికి. ఆటోనగర్‌లో పనికొచ్చి, ఒకే అద్దెగదిలో ఒకరినొకరు ఆనుకుని నిద్రపోయే కుర్రాళ్ళలో ఒకడికుంటే మిగతావాళ్ళకీ అంటుకుంటుంది. మొదటిసారి సోకినవాడికి నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురదే ఉండదు, కానీ ఆలోగానే ఇతరులకు అంటిస్తాడు. అందుకే గోక్కుంటున్నవాడికి మాత్రమే మందు రాస్తే పని జరగదు.

మన అలవాటేమిటి? మందులషాపుకెళ్ళి ‘దురద ట్యూబు’ అడగడం. అందులో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు హాయిగా ఉంటుంది, పురుగు మాత్రం చావదు. పైగా మచ్చల రూపు మారి, డాక్టరుకూ పోల్చుకోవడం కష్టమవుతుంది. 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ మీదే అమ్మాలని చెప్పినా, అడిగితే ఇచ్చే కొట్లకు కొదవలేదు.

అసలు మందు పెర్మెత్రిన్ 5 శాతం క్రీము. రాత్రిపూట మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ళ సందులు, బొడ్డు, గోళ్ళ కింద కూడా వదలకుండా రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచాలి. వారం తర్వాత మళ్ళీ రాయాలి. పసిపిల్లలకు తలకూ పట్టించాలి. ఐవర్‌మెక్టిన్ మాత్రలు బరువును బట్టి డాక్టరు రెండు విడతలుగా ఇస్తారు. గర్భిణులకు, 15 కిలోలలోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. అమ్మమ్మల గంధకం వట్టి నాటువైద్యమేమీ కాదు, గంధకపు ఆయింట్‌మెంటును ఇప్పటికీ పసివాళ్ళకు, గర్భిణులకు వాడుతున్నారు. వేపాకు, పసుపు మాత్రం దీనికి సాటిరావు.

‘క్రీము రాశాం, పోలేదు’ అంటారు. పెర్మెత్రిన్‌కు లొంగని పురుగుల గురించి వార్తలున్నమాట నిజమే. కానీ ముందు అడగాల్సింది, గదిలో రాసుకోనివాళ్ళెందరని. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది. దానికి భయపడి రోజూ పూస్తే చర్మం మండిపోతుంది.

అందరికీ మందిస్తే ఏమవుతుందో చూసేందుకు ఫిజీలో చేసిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. రోగులకూ వారితో మెలిగినవారికీ మాత్రమే మందిచ్చిన చోట ఏడాది తిరిగేసరికి గజ్జి 49 శాతం తగ్గితే, ఊరంతటికీ ఐవర్‌మెక్టిన్ ఇచ్చిన చోట 94 శాతం తగ్గింది.

కాబట్టి పట్టణ ఆరోగ్య కేంద్రంలో చీటీ ఒక్కరి పేరున కాక గది మొత్తానికి రాయాలి. అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, మర్నాడు దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి. ఆ ట్యూబుల ఖర్చు వాళ్ళను పనికి పెట్టుకున్న కాంట్రాక్టరే భరించాలి. దురదతో నిద్రలేని మనిషిని క్రేన్ కింద నిలబెట్టడం కన్నా అది చౌక.