మలుపులో ఆటో ఎందుకు ఒరుగుతుంది?

పొద్దున్నే టిఫిను డబ్బాలు సర్ది, పిల్లల్ని స్కూలు ఆటో ఎక్కించి, హమ్మయ్య అనుకుంటాం. ఆ ఆటో వీధి మలుపు తిరిగేటప్పుడు ఏమవుతుందో కూడా తల్లులు కాస్త తెలుసుకోవాలండీ.

బండి పక్కకి తిరిగినా అందులోని బరువు తిన్నగానే పోవాలని చూస్తుంది. కింద చక్రాలేమో రోడ్డుని పట్టుకుని లోపలికి లాగుతాయి. అందుకే పైభాగం బయటివైపుకి ఒరుగుతుంది. ఒక పళ్ళెంలో వెడల్పాటి గిన్నె, పొడుగాటి గ్లాసు పెట్టి గబుక్కున పక్కకి లాగి చూడండి. గిన్నె నిలుస్తుంది, గ్లాసు పడుతుంది. బరువు ఎత్తున ఉంటే అంత ప్రమాదమన్నమాట.

వేగం సంగతి ఇంకా ముఖ్యం. వేగం రెట్టింపైతే పక్కకి తోసే బలం నాలుగింతలవుతుంది. 20 కిలోమీటర్ల వేగంతో తిరగాల్సిన మలుపు 30తో తిరిగితే అది రెండింతలు దాటుతుంది.

పైగా ఆటోకి ముందు ఒక్కటే చక్రం. మూడు చక్రాలూ కలుపుతూ గీత గీస్తే ముక్కోణం వస్తుంది. అది ముందుకి పోయేకొద్దీ సన్నబడుతుంది. డ్రైవరు పక్కన పిల్లల్ని కూర్చోబెడితే బరువు ఆ సన్నటి వైపుకే చేరుతుంది. మలుపు మధ్యలో బ్రేకు వేసినా అంతే. వేగం మలుపుకి ముందే తగ్గించాలి.

పుస్తకాల సంచులు టాపు మీద కాక కాళ్ళ దగ్గర పెట్టించండి. ముందు సీటులో పిల్లలు వద్దని నలుగురు తల్లులూ కలిసి చెప్పండి. తక్కువమందిని ఎక్కిస్తే అతనికి గిట్టదు కదా, తలా కొంచెం ఎక్కువివ్వండి. ఒక కూర తగ్గినా ఫర్వాలేదు, పిల్లలు క్షేమంగా ఇంటికొస్తే చాలు!