దండారికి పోయే ముందు గది సర్దుదాం



దీపావళి సెలవులు దగ్గరకొచ్చినయి. మన హాస్టల్ గదుల్లో మంచాల కింద పాత గైడ్లు, జిరాక్సులు, పొట్టి అయిపోయిన బట్టలు కుప్పలుగా ఉన్నయి. "వచ్చినంక సర్దుదాం" అంటే ఎప్పటికీ సర్దం.

మనం చదివేసిన గైడు ఊర్లో తమ్ముడు కొనలేని పుస్తకం. దాన్ని దుమ్ములో ఉంచడం సరికాదని మా అభిప్రాయం. ఒక్క పూట కూర్చొని ఏరుదాం, పనికొచ్చేవి మూటగట్టి ఊరికి తీసుకుపోదాం.

మన గూడేల్లో పండుగకు ముందు ఇల్లు అలుకుతరు, తర్వాతే డప్పు మోగుతది. మనమూ అట్లనే చేద్దాం. రాత్రి దోస్తులందరం కలిసి గుస్సాడీలతో తెల్లారేదాక ఆడుదాం. కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ తెచ్చిన ఆట అది, ఫోన్లో చూసి ఊరుకునేది కాదు.

జై సేవా!