వృద్ధాశ్రమములు – పరిచారికలు

వృద్ధులను, దిక్కులేనివారిని పోషించు గృహములు మన దేశమున నానాటికి హెచ్చుచున్నవి. నగరపు సందడికి వెలుపల, సాగరు రహదారిపై ఇబ్రహీంపట్నము చెంతనున్న శేరిగూడవంటి గ్రామములు ఇట్టి గృహములకు అనువైనవని పలువురు తలంతురు. చెట్లనీడయు, మంచిగాలియు, పూజామందిరమును చూచి మనవారు తలిదండ్రుల నట్టిచోట్ల చేర్చి వత్తురు. రాత్రి రెండుగంటలవేళ వారిని లేవనెత్తువా రెవరని యడుగువారు మాత్రము అరుదు. మే మడుగదలచినది ఆ ప్రశ్నయే.

ఇది సేవయే గాని కూలిపని కాదనియు, పుణ్యకార్యమున గంటలు లెక్కింపరాదనియు కొందరు నిర్వాహకులు చెప్పుదురు. లెక్కింపవలయుననియే మేమందుము. మంచము పట్టినవారికి పడకపుండ్లు పుట్టకుండుటకు రమారమి రెండేసి గంటల కొకమారు ప్రక్క మార్చవలయును. అట్టివారు 10 మంది యున్న గది నొకదానిని తీసికొందము. 12 గంటల రాత్రిలో 60 మారులు ప్రక్క మార్చవలసివచ్చును. మారునకు 5 నిమిషములే యనుకొన్నను మొత్తము 5 గంటలు. బరువైన దేహము నొకరు కదల్పలేరు, ఇద్దరు కావలయును. మలమూత్రములు శుభ్రపరచుట, బట్టలు మార్చుట, మందులిచ్చుట, మతిమరపుచే లేచి తిరుగువారిని పట్టి తెచ్చుట వేరు. ఇదియంతయు ఒక్క ఆయమ్మపై మోపినచో ఆమె నడుము చెడును, లేదా వృద్ధుని వీపు పుండగును. తరచుగా రెండును జరుగును.

చాలినంతమంది పనివారు లేనిచోట తాడును తాళమును వారి స్థానము నాక్రమించును. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో మనోవ్యాధిగ్రస్తుల గృహమొకటి తగులబడగా, గొలుసులతో కట్టబడియున్న 25 మందికి పైగా తప్పించుకొనలేక దగ్ధులైరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులను నిషేధించినది. అయినను 2020 జనవరిలో కీసర ప్రాంతమునందలి నాగారములో ఒక ఆశ్రమమునుండి 70 మందికి పైగా పోలీసులు విడిపించినప్పుడు, అందు కొందరిని గొలుసులతో కట్టియుంచిరని వెల్లడియైనది. గొలుసు చేయుచున్న పనికి మనిషిని నియమింపనంతకాలము నిషేధము కాగితముననే యుండును.

శుభ్రత సంగతియు నిట్టిదే. ఇబ్రహీంపట్నము ప్రభుత్వాసుపత్రిలో 2022 ఆగస్టు 25న ఒక్కదినమున 34 మంది స్త్రీలకు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు జరుగగా, నలుగురు తల్లులు మరణించిరి. అది ఆశ్రమము కాదు. కాని సూక్ష్మజీవులు సోకినచో ఏమగునో ఈ ప్రాంతమువారికి వేరొకరు చెప్పనక్కరలేదు. చేతి తొడుగులును, సబ్బును, చేతులు కడుగుకొనుటకు తీరికయు పరిచారికకు లేనియెడల వ్యాధి ఒక మంచమునుండి మరియొక మంచమునకు ఆమె చేతులమీదుగనే పోవును. తప్పు ఆ చేతులది కాదు.

శాసనముల స్థితి యేమి? 2007 నాటి తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము, జిల్లాకు ఒకటికి తక్కువ గాకుండ, 150 మందికి చాలు ఆశ్రమములను ప్రభుత్వములు స్థాపింపవచ్చుననెను. ఆశ్రమములకు రిజిస్ట్రేషనును, కనీస ప్రమాణములను విధించు సవరణ బిల్లు 2019 డిసెంబరున లోకసభకు వచ్చి, చట్టము కాకయే 2024లో ఆ సభతోడనే ముగిసెను.

జీతములు పెంచి, పనివారిని హెచ్చించినచో ధర్మసంస్థలు మూతపడునందురు. పనివారి నిద్రను, నడుమును చందాగా వసూలుచేసి నడుపు సంస్థను ధర్మసంస్థ యనుటకు మాకు నోరు రాదు. పుట్టినదినములకు, వర్ధంతులకు అన్నదానము చేయు దాతలు ఆ ధనములో కొంత రాత్రివేళ రెండవ ఆయమ్మ జీతమున కిత్తురుగాక, అదియు నన్నదానమే.

తలిదండ్రుల నాశ్రమమున చేర్చబోవు పాఠకులు వంటయిల్లు చూచిన పిమ్మట నాలుగు సంగతు లడుగవలయును. రాత్రి ఎందరు మేల్కొనియుందురు? వారికి వారమున కొకదినము సెలవు కలదా? జీతము నెలనెలా లెక్కవ్రాసి యిత్తురా? నిప్పంటుకొన్నచో తలుపు తాళము ఎవరియొద్ద నుండును? ఈ నాలుగింటికి జవాబులను ప్రతి ఆశ్రమమును గుమ్మముననే వ్రాసి కట్టవలయునని ప్రభుత్వము నిబంధన చేయుగాక. అందాక అడుగుట మన వంతు.