అన్న పెట్టెలు సర్దితే మనకు కోపం ఎందుకు?



మన సీనియర్ అన్న అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి మీద అమెరికా పోయి చదువుతున్న సంగతి అందరికీ తెలుసు. డిసెంబర్ సెలవుల్లో అక్కడ ఒక గోడౌన్‌కు వాలంటీరుగా పోయి, వేరే దేశాల పేద పిల్లలకు పంపే గిఫ్టు పెట్టెలు సర్దిండు. ఆ ఫొటో ఇక్కడ పెట్టగానే "మన గూడేల్లో పిల్లలకు చెప్పుల్లేవు, నువ్వు ఎవరి పిల్లలకో బొమ్మలు సర్దుతున్నవా" అని చాలామంది అడిగిండ్రు. ఆ మాట వెనక బాధ నిజమే. కానీ ఆ మాట సరైంది కాదని నా అభిప్రాయం. కొంచెం పొడుగైతది, ఓపికగా చదవండి.

ముందు ఆ పని ఏందో చూద్దాం. అది ఆపరేషన్ క్రిస్మస్ చైల్డ్ అనే కార్యక్రమం. అమెరికాలోని ఒక క్రైస్తవ సంస్థ 1993 నుంచి నడుపుతోంది. మొదట్లో యుద్ధం నడుస్తున్న బోస్నియా పిల్లలకు పంపిండ్రు. ఇప్పటికి 20 కోట్ల పెట్టెలు దాటినయి. జనం చెప్పుల డబ్బా అంత పెట్టెలో బొమ్మలు, పెన్సిళ్లు, బంతులు నింపి ఇస్తారు. అబ్బాయికా అమ్మాయికా, 2-4, 5-9, 10-14 ఏండ్లలో ఏ వయసుకు అనేది పైన రాసి ఉంటది. గోడౌన్‌లో వాలంటీర్లు ప్రతి పెట్టె తెరిచి చూస్తారు. కస్టమ్స్ ఒప్పుకోదు కాబట్టి చాక్లెట్లు, టూత్‌పేస్టు తీసేస్తారు. బొమ్మ తుపాకులు తీసేస్తారు. వాడిన వస్తువులూ తీసేస్తారు. ఖాళీ మిగిలితే ఇంకో వస్తువు పెట్టి, టేపు వేసి, పెద్ద అట్టపెట్టెల్లోకి ఎక్కిస్తారు.

ఇప్పుడు మన కోపం సంగతి. "ముందు మావాళ్లకు, తర్వాతే వేరేవాళ్లకు" అనే మాట మనకు కొత్త కాదు. మన స్కాలర్‌షిప్పుల మీద, రిజర్వేషన్ మీద పట్నంలో వినేది అదే మాట కదా. మనల్ని నొప్పించిన మాటనే మనం ఇంకో దేశం పిల్లల మీద వాడుడు ఎందుకు? పైగా ఆదివాసీ అంటే తీసుకునేటోడే అనే ముద్రను మనమే ఒప్పుకున్నట్టు అయితది. మేడారం జాతరప్పుడు ముక్కు మొహం తెలియనోళ్లకు మన వాకిట్లో చోటు, నీళ్లు ఇచ్చినోళ్లమే మనం. మనోడు ఇచ్చే వరుసలో నిలబడితే సంతోషపడాలె.

ఇంకొకటి. చెప్పులు, దుప్పటి, సబ్బు, కొబ్బరినూనె మన పిల్లలకు రావాల్సిన హక్కు. అది ఏ గోడౌన్ నుంచీ రావద్దు. 2024లో తెలంగాణలో హాస్టల్ డైట్ చార్జీలు 40 శాతం, కాస్మెటిక్ చార్జీలు 200 శాతం పెరిగినయి. ఏండ్ల తరబడి అడిగితేనే అది వచ్చింది. ఆ డబ్బు టైముకు రాకపోతే అడగాల్సింది ఐటీడీఏ ఆఫీసులో, అన్న ఫొటో కింద కాదు. హక్కును గిఫ్టులాగ తీసుకోవడం అలవాటైతే, ఇయ్యని రోజు అడిగే నోరు ఉండదు.

అట్లని ఆ పెట్టెల మీద నాకు ప్రశ్నలు లేవని కాదు. ఒక్క పెట్టె పంపడానికి దాదాపు 10 డాలర్లు అడుగుతరు. ఆ డబ్బుతో ఆ పిల్లల ఊరి అంగట్లోనే కొంటే అక్కడి దుకాణదారుకు కూడా బేరం అయితది. పెట్టెతోపాటు మతం మాట కూడా పోతదనే విమర్శ ఉంది. అది చిన్న విషయం కాదు. మన దగ్గర కూడా నోటుబుక్కు ఇచ్చి, బ్యానర్ పట్టించి, మూడుసార్లు ఫొటో దించుకునేటోళ్లను చూసినం. గిఫ్టు వెనక షరతు ఉంటే అది గిఫ్టు కాదు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. జూన్‌లో మన ఆశ్రమ పాఠశాలల్లో మూడో తరగతిలో కొత్తగా చేరే పిల్లలకు మనమే పెట్టెలు కడదాం. ముందు ఒకే స్కూల్, ముప్పై నలభై పెట్టెలు. అన్న గోడౌన్ రూల్స్‌లో మంచివి తీసుకుందాం: అన్నీ కొత్తవే ఉండాలె, వయసు చూసి సర్దాలె, పోయే ముందు ప్రతి పెట్టె ఇంకొకరు చెక్ చెయ్యాలె. మన రూల్స్ రెండు కలుపుదాం: పిల్లల ఫొటోలు వద్దు, మన గ్రూపు పేరు కూడా పెట్టె మీద వద్దు. సబ్బులు, దుప్పట్లు పెట్టొద్దు, అవి ఆఫీసులో అడుగుదాం. రంగు పెన్సిళ్లు, బంతి, బొమ్మల పుస్తకం పెడదాం.

వాటితోపాటు ఒక ఉత్తరం. కోయ పిల్లలకు కోయలో, గోండు పిల్లలకు గోండిలో, లంబాడా పిల్లలకు లంబాడీలో, తెలుగు లిపిలోనే రాద్దాం. హాస్టల్‌లో మొదటి వారం సార్ చెప్పే తెలుగు సగం అర్థంకాక, ఏడుపు ఆపుకొని కూర్చున్నోళ్లు ఈ గ్రూపులో ఎంతమంది లేరు? అప్పుడు ఇంటి భాషలో "భయపడకు, నేను కూడా ఇట్లనే వచ్చిన, ఇప్పుడు డిగ్రీ చదువుతున్న" అని ఒకరు రాసి ఉంటే ఎట్లుండేది? చదవడం రాని పిల్లలకు పై క్లాసు అక్కలు చదివి వినిపిస్తరు. ఇది ఏ దేశం గోడౌన్‌లోనూ దొరకదు. మన దగ్గరే ఉంది.

మనిషికి యాభై రూపాయలు, ఒక ఆదివారం చాలు. ఏ స్కూల్‌తో మొదలుపెట్టాలె, ఉత్తరాలు ఎవరు రాస్తరు, కింద చెప్పండి. అన్నా, నువ్వు ఆ చెకింగ్ పద్ధతి వివరంగా రాసి పెట్టు, మాకు పనికొస్తది.