నడుమునకు తేలిక, చేతికి బరువు

చింతామణి చుట్టుపట్ల మామిడి తోటలలో కాపురముండువారు, బాగేపల్లి వైపు వేరుసెనగ వర్తకులు, చిక్కబళ్లాపురమున పూలు, ద్రాక్ష వ్యాపారము చేయువారు ఇటీవల మాతో మాటలాడునపుడు తఱచుగా ఒక ప్రశ్న వేయుచున్నారు. "ఆత్మరక్షణకై ఒక పొట్టి రివాల్వరు కొనదలచితిమి. నిత్యము దగ్గఱ నుంచుకొనుటకు అనువైనది ఏది?" అని. ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుట న్యాయము కాదు. ఒంటరి తోటయిల్లు, ప్రొద్దుగ్రుంకిన పిదప ప్రయాణము, చేతిసంచిలో కూలివారి బట్వాడా పైకము, వీని వలన కలుగు భయము అనుభవించినవారికే తెలియును. కావున మాకు తోచినది నిర్మొగమాటముగా చెప్పుచున్నాము.

అంగడిలో ఎవరైనను మొదట చేతికెత్తుకొనునది అన్నిటికంటె చిన్నది, తేలికైనది. "జేబులో నున్నట్లే తెలియదు" అనుట దానికి పెద్ద పొగడ్త. మాకు ఆ పొగడ్తయే అనుమానము కలిగించును. రివాల్వరు నడుమున నుండుట ఏడాదికి మూడు వందల అఱువది యైదు దినములు. చేతిలో నుండవలసినది, దురదృష్టవశమున ఉండవలసివచ్చినచో, కొన్ని క్షణములు. మనవారు ఆ దినములను లెక్కించి కొనుచున్నారు. ఆ క్షణములను తలచుట లేదు.

ఇందలి సూక్ష్మము కష్టమైనది కాదు. ఒకే తూటాను బరువైన రివాల్వరులోను, తేలికైన రివాల్వరులోను కాల్చినచో, తేలికైనది ఎక్కువ వేగముతో వెనుకకు తన్నును. అరచేయి నొచ్చును. నొచ్చిన చేయి రెండవ తూటాకు ముందే బెదరి గురి తప్పించును. మఱియు సుత్తిని వెనుకకు లాగకుండ మీటనే నొక్కి కాల్చునపుడు వ్రేలు నాలుగైదు కిలోల బరువు లాగినంత బలము చూపవలెను. అర కిలో బరువైనను లేని వస్తువును కదలకుండ పట్టి, అంత బలముతో మీట నొక్కుట అలవాటు లేనివారికి సాధ్యము కాదు. గొట్టము పొట్టిదగుటచే ముందరి గురి గుర్తుకును వెనుకటి గాడికిని నడుమ దూరము తక్కువ. కంటికి వెండ్రుకవాసి తేడా అయినది గుండునకు జేనెడు తేడా యగును. అనగా పొట్టి రివాల్వరు క్రొత్తవారి పనిముట్టు కాదు. చేయి తిరిగినవారి పనిముట్టు. మనలో మాత్రము తుపాకి ముట్టి యెరుగనివారే దాని నడుగుచున్నారు.

ఈ అనుభవము క్రొత్తది కాదు. అమెరికాలో కోల్ట్ వారు 1927లో డిటెక్టివ్ స్పెషల్ అను రెండంగుళముల గొట్టము గల ఆరు తూటాల రివాల్వరును తెచ్చిరి. 1950లో స్మిత్ అండ్ వెస్సన్ వారు అంతకంటె చిన్నదగు ఐదు తూటాల చీఫ్స్ స్పెషల్‌ను తెచ్చిరి. ఆ పిదప ఉక్కునకు బదులు అల్యూమినియము మిశ్రలోహముతో తేలికైనవి వచ్చినవి. మోయువారు సంతోషించిరి, కాల్చువారు చేయి విదిలించుకొనిరి. "మోయుటకు హాయి, కాల్చుటకు బాధ" అను మాట ఆ దేశపు తుపాకి వాడుకరులలో నేటికిని వినబడుచున్నది.

మన దేశమున ఆ .38 బోరు సామాన్య పౌరులకు నిషిద్ధము. మనకు దొరకునవి ముఖ్యముగా .32, .22 బోరులు. 2014లో కాన్పూరు కర్మాగారము "నిర్భీక్" అను .32 రివాల్వరును స్త్రీల ఆత్మరక్షణకని ప్రకటించి విడుదల చేసినది. టైటానియము మిశ్రలోహముతో చేయుటచే దాని బరువు 500 గ్రాములు. నాటి వెల లక్షా ఇరువది రెండు వేల రూపాయలకు పైమాట. బెంగాలులోని ఇషాపూరు కర్మాగారము చేసిన "నిడర్" .22 బోరుది, సుమారు 250 గ్రాములు మాత్రమే. కాన్పూరునుండియే చిరకాలముగా వచ్చుచున్న ఉక్కు .32 రివాల్వరు, 2023లో వచ్చిన "ప్రబల్" ఇంచుమించు 700 గ్రాముల బరువుగలవి. వాని గొట్టము 76 మిల్లీమీటరులు, అనగా మూడంగుళములు.

ఈ నాల్గింటిలో మా యోటు బరువైన రెంటికే. .32 తూటా స్వభావమున మెత్తనిది. 700 గ్రాముల ఉక్కులో దాని తన్ను మఱింత అణగును. మూడంగుళముల గొట్టము గురికి కొంత వెసులుబాటు నిచ్చును. పాతదానిని నడుమ విఱచి తూటాలు కూర్చవలెను. ప్రబల్ చక్రము ప్రక్కకు తెఱచుకొనును. ఈ తేడా అలవాటునకు సంబంధించినదే గాని ప్రాణావసరము కాదు. రెండు వందల గ్రాముల అదనపు బరువు మంచి తోలు ఒర, వెడల్పైన నడికట్టు ఉన్నచో రెండు వారములలో మఱపునకు వచ్చును. చేతికి నొప్పి పెట్టు రివాల్వరు మాత్రము ఎన్నటికిని అలవాటు కాదు. యజమానుడు దానిని కాల్చుటయే మానివేయును. స్త్రీలకు తేలికది చాలునను వాదమును కూడ మేము అంగీకరింపము. సన్నని మణికట్టునకు తన్ను తక్కువగునది కావలెను; తన్ను తక్కువగుటకు బరువు కావలెను. కీళ్లనొప్పులు గల వృద్ధులకును ఇదే మాట.

కొనుటకు ముందు చేయవలసిన పరీక్ష యొకటి కలదు. ఖాళీ రివాల్వరును, అది ఖాళీయని రెండు మారులు చూచుకొని, చేత పట్టుడు. చిటికెన వ్రేలికి పిడి మీద చోటున్నదా? చూపుడు వ్రేలి మొదటి గెణుపు మీటకు సుఖముగా అందుచున్నదా? ముందరి గురి గుర్తు వణకకుండ మీటను పదిసార్లు నొక్కగలుగుచున్నారా? ఐదవసారికే వ్రేలు అలసినచో, వెల ఎంత చౌకయైనను, జేబులో ఎంత చక్కగా ఇమిడినను, అది మీ రివాల్వరు కాదు. ఇది మీ చేయి చెప్పు తీర్పు. బంధువుల సలహా గాని, అంగడివాని మాట గాని దీనికి బదులు రాదు.

ఇక చట్టము. 1959 నాటి ఆయుధ చట్టము, 2016 నాటి నియమములు అనుసరించి జిల్లాధికారి లైసెన్సు ఇయ్యవలెను. దానికి ముందు పోలీసు విచారణ జరుగును, సురక్షిత శిక్షణ పొందినట్లు ధ్రువపత్రము చూపవలెను. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేండ్లనుండి ఐదేండ్లకు పెరిగినది. ఆ సవరణయే పెండ్లి ఊరేగింపులలో ఉత్సాహమునకై కాల్చుటను రెండేండ్ల వరకు కారాగారమునకు, లక్ష రూపాయల వరకు జరిమానాకు తగిన నేరముగా చేసినది. ఇదే రాష్ట్రమున కొడగు సీమవారికి తరతరాలుగా లైసెన్సు మినహాయింపు కలదు. దానిని 2019లో కేంద్రము పదేండ్లు పొడిగించినది. మనకు అట్టి మినహాయింపు లేదు. ఉన్నదని భ్రమపడి ఎవరును చిక్కులలో పడరాదు.

మనవారికి ప్రత్యేకముగా చెప్పవలసినది సరిహద్దు విషయము. మనము కర్ణాటకమున స్థిరపడి తరములు గడచినను మన వియ్యంకులు హిందూపురమున నుందురు, పొలములు కదిరి వైపున నుండును, ఆడపడుచులు మదనపల్లెలో కాపురము చేయుచుందురు. బాగేపల్లి దాటిన కొంతసేపటికే రాష్ట్రము మారును. బస్సు కిటికీ నుండి చూచువానికి భూమి మారినట్లు కనబడదు. కాని లైసెన్సులో ఏ ప్రాంతము వ్రాయబడినదో ఆ ప్రాంతముననే అది చెల్లును. కర్ణాటకమునకు మాత్రమే ఇచ్చిన లైసెన్సుతో రివాల్వరు నడుమున పెట్టుకొని మేనకోడలి పెండ్లికి సరిహద్దు దాటినవాడు, ఎంత మర్యాదస్థుడైనను, అక్కడ ఆయుధ చట్టము క్రింద ముద్దాయి యగును. నిత్యము దగ్గఱ నుంచుకొనుటకని కొన్నవారు వారమునకు రెండు మారులు సరిహద్దు దాటువారైనచో, రివాల్వరు ఎంపికకు ముందు తమ లైసెన్సు ఎంతదూరము చెల్లునో ఎంపిక చేసికొనవలెను. ఎన్నికల కాలమున ఉత్తరువు వచ్చినపుడు ఆయుధమును పోలీసు ఠాణాలో అప్పగింపవలసి యుండుననియు మఱవరాదు.

ఇంటి సంగతి చెప్పకున్న ఈ మాటలు అసంపూర్ణములగును. రివాల్వరును పంచె రొండిలో గాని, తాళపు చెవులతో కలిపి చేతిసంచిలో గాని ఉంచరాదు. మీటను పూర్తిగా కప్పు ఒర తప్పనిసరి. ఇల్లు చేరిన వెంటనే అది తాళము గల పెట్టెలోనికి పోవలెను. మంచము మీద తలగడ క్రింద పెట్టుట శౌర్యము కాదు, అజాగ్రత్త. మనుమలు తాతగారి తలగడ క్రింద వెదకని వస్తువేమున్నది? తూటాలు వృథాయగునని అభ్యాసము మానుట పిసినారితనము. అభ్యాసమును లైసెన్సు గల శూటింగు క్లబ్బులో, నేర్పువారి యెదుట చేయవలెను. పొలము గట్టున చింతచెట్టును గురిచేసి కాల్చుట అభ్యాసము కాదు, ఇరుగుపొరుగునకు అపాయము.

ఇంతయు చదివిన పిదప "ఇంత బాదరబందీ యున్నచో మాకెందుకు?" అని ఒకరైనను అనుకొనినచో మేము చింతింపము. పైకము బ్యాంకు ద్వారా పంపుటతో, తోటయింటికి మంచి దీపమును, గట్టి తలుపును అమర్చుటతో, రాత్రి ప్రయాణమున తోడు నొకరిని పిలుచుకొనుటతో చాలమందికి పని జరిగిపోవును. చాలనివారు కొందఱుందురు; వారి భయము నిజమైనది, చట్టము వారికి ఆత్మరక్షణ హక్కు నిచ్చినది. వారు కొనవచ్చును. ఐతే జేబును గాక చేతిని సంప్రదించి కొనుడు. నెలకొకసారియైనను కాల్చి చూడగల దానిని కొనుడు. లైసెన్సు చెల్లని చోటికి దానిని తీసికొని పోకుడు.

విడిచిన గుండు వెనుకకు రాదు. ఈ సంగతిని 1938 ఏప్రిల్ 25వ తేదీన విదురాశ్వత్థమున పోలీసు కాల్పులను కన్న మన సీమకు ఒకరు నేర్పనక్కఱలేదు. రివాల్వరు తేలికగా నుండవలెనని కోరుకొనువారు దాని భారము లోహములో మాత్రమే లేదని తలచుకొందురు గాక.