చేతికందిన గెలుపును కాదన్న ఈతగాడు



ఈ నెల మీకు ఒక ఈతగాడి కథ చెబుతాను. అతని పేరు సిసిల్ హీలీ. ఆస్ట్రేలియా దేశంలో, సిడ్నీ నగరంలో 1881వ సంవత్సరంలో పుట్టాడు.

సిడ్నీలో మాన్లీ అనే చక్కని సముద్రతీరం ఉన్నది. అక్కడ ఒకప్పుడు పగటిపూట సముద్రస్నానం నిషేధం. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో ఆ నిషేధం పోయింది. జనం తండోపతండాలుగా నీళ్ళలోకి దిగారు. వారిలో చాలామందికి ఈత రాదు. మునిగిపోయేవారిని కాపాడటానికి ఈత వచ్చిన యువకులు ఊరూరా సంఘాలు కట్టారు. జీతం లేదు, భత్యం లేదు. హీలీ కూడా అటువంటి ప్రాణరక్షకుడే.

వారి పని ఎట్లా సాగేదో వినండి. ఒడ్డున పెద్ద రాట్నం వంటి చక్రం ఉంటుంది. దానికి పొడుగాటి తాడు చుట్టి ఉంటుంది. తాడు కొసను నడుముకు కట్టుకొని ఒకడు అలల్లోకి ఈదుతాడు. మునుగుతున్న మనిషిని పట్టుకొని చెయ్యి ఎత్తుతాడు. వెంటనే ఒడ్డునున్నవారు తాడు లాగి ఇద్దరినీ చేరవేస్తారు. ఈ సాధనం 1906లో సిడ్నీలోనే, బోండై తీరంలో పుట్టింది.

తాడు ఎందుకు, గట్టిగా ఈదితే చాలదా అని మీరు అడగవచ్చు. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి సముద్రంలోకి పోవాలి కదా! అది ఒక్కొక్కచోట సన్నని దారి చేసుకొని, ఏరులాగా వేగంగా వెనక్కి పోతుంది. దీనిని రిప్ ప్రవాహం అంటారు. దాని వేగం ఒక్కొక్కప్పుడు సెకనుకు రెండు మీటర్లకు మించుతుంది. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరపడుతుంది.

1912లో స్వీడన్ దేశపు స్టాక్‌హోం నగరంలో ఒలింపిక్ క్రీడలు జరిగినవి. 100 మీటర్ల ఈతపందెంలో హీలీ ఫైనలుకు చేరాడు. అతనికి గట్టి పోటీ హవాయి దీవులకు చెందిన డ్యూక్ కహనమోకు. అమెరికా జట్టు తరఫున వచ్చాడు. అయితే ఏదో పొరపాటు జరిగి డ్యూకూ, మరి ఇద్దరు అమెరికనులూ సెమీఫైనలు వేళకు రానే లేదు. రానివారు పోటీలో లేనట్లేనన్నారు.

హీలీ నోరు మెదపకుండా ఊరుకుంటే చాలు, బంగారు పతకం దాదాపు అతనిదే. అతను ఊరుకోలేదు. తన జట్టు పెద్దలతో కలిసి, అమెరికనులకు మరొక అవకాశం ఇవ్వాలని పట్టుబట్టాడు. అందరికంటె మేటిని గట్టుమీద కూర్చోబెట్టి గెలిస్తే అది గెలుపెట్లా అవుతుంది? చివరకు వారికోసం ప్రత్యేకంగా మరో పందెం పెట్టారు. డ్యూక్ ఫైనలుకు వచ్చాడు.

డ్యూక్ 63.4 సెకన్లలో ఈది మొదటివాడయినాడు. హీలీ 64.6 సెకన్లతో రెండోవాడు. అదే క్రీడల్లో హీలీ, తక్కిన ముగ్గురు ఈతగాళ్ళతో కలిసి రిలే పందెంలో బంగారు పతకం సంపాదించాడు.

ఇప్పుడు ఒక లెక్క చేయండి. 100 మీటర్లను 63.4తో భాగించండి. సెకనుకు ఒకటిన్నర మీటర్ల పైచిలుకు వస్తుంది. అంటే ఒలింపిక్ విజేత అయినా బలమైన రిప్‌కు ఎదురీదలేడు! అందుకే, దానిలో చిక్కుకుంటే బెదరక తేలుతూ ఉండాలి, చెయ్యెత్తి పిలవాలి. ఈదగలిగితే ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. విశాఖకో, సూర్యలంకకో వెళ్ళినప్పుడు పెద్దలు తోడు లేనిదే నీళ్ళలో దిగకండి.

తరవాత 1914-15 వేసవిలో డ్యూక్ సిడ్నీకి వచ్చి, పలకమీద నిలబడి అలలమీద స్వారీ చేసి చూపాడు. చూసినవారు ముక్కున వేలు వేసుకున్నారు. ఇంతలో ప్రపంచయుద్ధం ముమ్మరమయింది. హీలీ సైన్యంలో చేరాడు. 1918 ఆగస్టు 29న ఫ్రాన్సు దేశంలో, మాంట్ సెయింట్ క్వెంటిన్ దగ్గర పోరులో మరణించాడు. అప్పటికి అతనికి ముప్పయ్యారేళ్ళు. ఒలింపిక్ బంగారు పతకం పొందిన ఆస్ట్రేలియనులలో యుద్ధానికి బలి అయినవాడు అతనొక్కడే.

డ్యూక్ మాత్రం చాలాకాలం బతికాడు. 1925లో కాలిఫోర్నియా తీరంలో పెద్ద అలలకు ఒక పడవ తలకిందులయింది. డ్యూక్ తన పలకతో మళ్ళీ మళ్ళీ ఆ అలల్లోకి వెళ్ళి ఎనిమిది మందిని ఒడ్డుకు చేర్చాడు.

పందెంలో పక్కవాడికంటె ముందుండాలి. నిజమే. కాని మునుగుతున్నవాడి దగ్గరకు ఈదేటప్పుడు పక్కవాడికోసమే ముందుండాలి. హీలీకి ఈ రెండు ఈతలూ వచ్చు.

రేపు మీ బడిలో పరుగుపందెం జరుగుతుందనుకోండి. మీకంటె బాగా పరుగెత్తే పిల్లవాడికి గంట వినబడక ఇంకా రాలేదు. ఆ సంగతి మీ ఒక్కరికే తెలుసు. ఏం చేస్తారు? అమ్మతోనూ నాన్నతోనూ మాట్లాడి చూడండి.